వాండిన్ వ్యాలీ ఆసుపత్రి

ఆస్ట్రేలియా అనగానే మనవాళ్లకి క్రికెట్టు, కంగారూలు, సిడ్నీ ఒపేరా హౌసు గుర్తొస్తాయి. ఇక్కడి పల్లెల కష్టసుఖాలు తెలియాలంటే మాత్రం ‘ఎ కంట్రీ ప్రాక్టీస్’ అనే టీవీ సీరియల్ గురించి వినాలి. 1981 నవంబరులో సెవెన్ ఛానల్‌లో మొదలై పన్నెండేళ్లు నడిచింది. మొత్తం 1058 ఎపిసోడ్లు. న్యూ సౌత్ వేల్స్‌లో వాండిన్ వ్యాలీ అనే కల్పిత ఊరు, అక్కడో చిన్న బుష్ నర్సింగ్ ఆసుపత్రి. కథంతా వాటి చుట్టూనే.

ఊరు కల్పితమే కానీ బుష్ నర్సింగ్ నిజంగా ఉన్నదే. డాక్టరు దొరకని మారుమూల ఊళ్లకి చదువుకున్న నర్సుని పంపేందుకు 1910 ప్రాంతంలో ఇక్కడ సంఘాలు పెట్టారు. ఊరివాళ్లు చందాలు వేసుకుని ఆవిణ్ణి నిలుపుకునేవారు. పురుడైనా, గొడ్డలి వేటైనా, అర్ధరాత్రి జ్వరమైనా ఆవిడే దిక్కు. సీరియల్‌లో నర్సులకి డాక్టర్లతో సమానంగా చోటు దక్కడం నాకు అందుకే సబబుగా అనిపిస్తుంది.

దీన్ని సృష్టించిన జేమ్స్ డేవర్న్ మొదట ఈ కథని టెన్ ఛానల్ వాళ్ల రచనల పోటీకి పంపాడు. మూడో స్థానం వచ్చింది కానీ వాళ్లు తీయలేదు. సెవెన్ తీసుకుంది. సిడ్నీకి వాయవ్యంగా ఉన్న పిట్ టౌన్, ఓక్‌విల్ పరిసరాల్లో ఆరుబయట దృశ్యాలు తీశారు. వారానికి రెండు రాత్రులు, గంట చొప్పున వచ్చేది. వచ్చిన రోగి కథ ఆ రెండు రాత్రుల్లో తేలిపోయేది. ఊరివాళ్ల బతుకులు మాత్రం ఏళ్ల తరబడి సాగేవి. పెద్ద డాక్టరు టెరెన్స్ ఎలియట్, కుర్ర డాక్టరు సైమన్, అతను పెళ్లాడిన పశువుల డాక్టరు విక్కీ, ఊరి కబుర్లన్నీ మోసే ఎస్మే, ఫాట్సో అనే వాంబాట్. పిల్లలకి ఆ జంతువంటే ప్రాణం.

అన్నిటికన్నా జనం మరచిపోనిది మోలీ చావు. మోలీ జోన్స్ ఊరికి కొత్తగా వచ్చి స్థిరపడిన మనిషి. పందిని పెంచుకుంటూ, చెట్ల కోసం, నేల కోసం పోరాడుతూ ఉంటుంది. భర్త బ్రెండన్ ఆసుపత్రిలో నర్సు. మగవాడు నర్సుగా ఉండటం అప్పట్లో తెరమీద అరుదు. ఆమె పాత్ర వేసిన ఆన్ టెన్నీ మానేస్తాననడంతో రచయితలు మోలీకి ల్యుకీమియా తెచ్చారు. జబ్బుని ఒక్కసారిగా ముగించలేదు, వారాల తరబడి చూపించారు. 1985లో ఆఖరి దృశ్యం వచ్చింది. తోటలో మోలీ కూర్చుని ఉంటుంది. ఎదురుగా బ్రెండన్, చిన్న కూతురు క్లోయీ గాలిపటం ఎగరేస్తుంటారు. మనం మోలీ కళ్లతోనే చూస్తుంటాం. ఆ చూపు మెల్లగా మసకబారి తెర నల్లబడుతుంది. ఆసుపత్రి మంచం లేదు, సెలైన్ సీసా లేదు. మరణాన్ని ఇంత మర్యాదగా చూపిన సీరియల్ నేను ఇంకొకటి చూడలేదు. మా పక్కింటి పెద్దావిడ ఇప్పటికీ ఆ రాత్రి గురించి చెబుతూ కళ్లు తుడుచుకుంటుంది.

హెరాయిన్, ఎయిడ్స్, ఆత్మహత్య, కుర్రాళ్లకి పనుల్లేకపోవడం లాంటి సంగతుల్ని కూడా ఈ సీరియల్ భోజనాల వేళ ఇళ్లలోకి తెచ్చింది. టెరెన్స్ కూతురు సోఫీ హెరాయిన్‌కి బలైపోతుంది. ఊరందరికీ వైద్యం చేసే తండ్రి సొంత బిడ్డని కాపాడుకోలేకపోయాడు. 1987లో ఎయిడ్స్ గురించి ప్రభుత్వం మృత్యుదేవత బొమ్మతో ప్రకటన వేసి దేశాన్ని భయపెట్టింది. ఈ సీరియల్ మాత్రం అలాంటి సంగతుల్ని తెలిసిన మనుషుల కథలుగా చెప్పింది. భయంతో వచ్చే జాగ్రత్త కన్నా, తెలిసిన మనిషి మీద జాలితో వచ్చే జాగ్రత్తే ఎక్కువకాలం నిలుస్తుందని నా నమ్మకం.

1993లో సెవెన్ ముగించేసింది. మరుసటి ఏడు, మొదట కాదన్న టెన్ ఛానలే చాలావరకు కొత్త నటులతో మళ్లీ మొదలుపెట్టింది. ముప్పై ఎపిసోడ్లకే ఆగిపోయింది. 1998 నుంచి 2009 దాకా సెవెన్‌లోనే ‘ఆల్ సెయింట్స్’ అనే మరో ఆసుపత్రి సీరియల్ నడిచింది. అది నగరంలోని పెద్దాసుపత్రి కథ. వాండిన్ వ్యాలీలో నర్సుగా చేసిన జార్జీ పార్కర్ అందులోనూ నర్సే.

తెరమీద ఒక డాక్టరు వెళ్లిపోతే ఇంకొకరు వచ్చేవారు. నిజమైన ఊళ్లకి అలా రాలేదు. అందుకే, విదేశాల్లో చదివిన డాక్టర్లు ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు తీసుకోవాలంటే, సాధారణంగా పదేళ్లపాటు డాక్టర్ల కొరత ఉన్న చోటే పనిచేయాలనే నిబంధన 1997 నుంచి ఉంది. గుంటూరులోనో, వరంగల్‌లోనో చదివిన మన పిల్లలు గోధుమ పొలాల నడుమ ఊళ్లలో క్లినిక్కులు నడపడం వెనక కారణం అదే. మీ అమ్మాయో అబ్బాయో అలాంటి ఊరికి బయల్దేరుతుంటే, విమానం ఎక్కేలోపు మోలీ ఎపిసోడ్లు చూడమనండి. రేపు వాళ్ల గదిలోకి వచ్చే ముసలివాళ్లలో చాలామంది అప్పట్లో వాటిని చూసినవాళ్లే.