పాలు పారబోసిన రైతులు



కంటికి కనపడని అపాయం మన బెల్లంపల్లి ప్రాంతానికి కొత్తదేమీ కాదు. పూర్వం బొగ్గు బాయి దిగే సర్దారు చేతిలో దీపం పట్టుకొని ముందు నడిచేవాడు. మంట మీద నీలిరంగు టోపీ లేచిందంటే అక్కడ మండే గ్యాసు వున్నదని గుర్తు. దానికి వాసన లేదు, రంగు లేదు, దీపమే చెప్పాలి. బాయిలు చాలా మూతబడ్డాయి గాని, ఆ దీపాన్ని ఎరిగిన పెద్దలు యింకా మన మధ్య వున్నారు. అణుధార్మిక కిరణాలు కూడా అటువంటివే. వాటిని చూడటానికి మరో రకం దీపం, అంటే కొలిచే యంత్రం, కావాలి.

"మన జిల్లాలో అణు విద్యుత్ కేంద్రమే లేదు గదా, యీ ముచ్చట మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. నిజమే, తెలుగునాట ఇంతవరకు ఎక్కడా అటువంటి కేంద్రం నడవలేదు. కాని లోకంలో జరిగిన పెద్ద ప్రమాదాల చరిత్ర తిరగవేస్తే ప్రతిచోటా రైతే కనపడతాడు. కేంద్రం కంచె దాటిన విషం జనం నోటికి చేరే దారిలో ముందు పచ్చిక, తర్వాత పశువు, ఆపైన పాలచెంబు.

ఆ దారి ఎట్లాంటిదో చూడండి. అణుకొలిమి పగిలినప్పుడు బయటికి వచ్చేవాటిలో అయోడిన్-131 అనేది ఒకటి. గాలితో పోయి, వానతో దిగి, గడ్డి మీద వాలుతుంది. అంత నేల మీద పడినదాన్ని మనిషి ఏరలేడు. ఆవు మాత్రం రోజంతా తిరిగి, ఆకు ఆకునా వున్న రవ్వంతను కూడబెట్టి పొదుగులోకి దింపుతుంది. ఆ పాలు తాగిన పసిబిడ్డ మెడలోని థైరాయిడ్ గ్రంథి దాన్ని పట్టి వుంచుకుంటుంది. అయితే దీని బలం 8 రోజులకు సగం, మరో 8 రోజులకు అందులో సగం, అట్లా తరిగిపోతుంది. అంటే కొన్ని వారాలు ఆ పాలు బిడ్డ నోటికి అందకుండా ఆపగలిగితే గండం చాలావరకు గడిచినట్లే.

మొదట యిది చేసి చూపినవారు ఇంగ్లండులో కంబర్లాండు జిల్లా రైతులు. అక్కడ సముద్రపు ఒడ్డున విండ్‌స్కేల్ అనేచోట బాంబులకు కావలసిన ప్లుటోనియం తయారుచేసే కొలిమి ఒకటి వుండేది. 1957 అక్టోబరు 10న అది లోపల తగలబడుతున్నదని తెలిసింది. మర్నాడు నీళ్ళు పోసి ఆర్పారు. కాక్‌క్రాఫ్ట్ అనే శాస్త్రజ్ఞుడు అంతకుముందే పట్టుబట్టి ఆ పొగగొట్టం కొసన వడపోతలు పెట్టించి వుండటంవల్ల ధూళి చాలావరకు అక్కడే ఆగింది. ఆయన పెట్టించేటప్పుడు దండగ ఖర్చని ఎగతాళి చేశారట! అయినా అయోడిన్ కొంత తప్పించుకొని పొలాల మీదికి పోయింది.

ఊళ్ళు ఖాళీ చేయవలసినంత ఏమీ లేదని అధికారులు అనుకున్నారు. కాని చుట్టుపట్ల పాలు తెచ్చి కొలిస్తే సంగతి తేలింది. పాలలో ఎంతవరకు వుండవచ్చుననే లెక్క అప్పటికి ఎవరి దగ్గరా లేదు. గంటల మీద కూర్చొని, పసిబిడ్డ తాగే పాలు ఎన్ని, ఆ గ్రంథి ఎంతది అని లెక్కవేసి, లీటరుకు మైక్రోక్యూరీలో పదోవంతు హద్దు అని తేల్చారు. 12వ తేదీ రాత్రికే పాలు ఆపారు. మూడు రోజుల్లో ఆ ఆంక్షను సుమారు 500 చదరపు కిలోమీటర్లకు పెంచారు. పాలబండ్లు రోజూలాగే వచ్చి క్యాన్లు ఎత్తుకుపోయాయి, నీళ్ళు కలిపి పారబోశారు. రైతుకు డబ్బు కట్టి యిచ్చారు. నా మట్టుకు నాకు యీ చివరి మాటే ముఖ్యమనిపిస్తుంది. ధర ముట్టదని తెలిస్తే చీకట్లో పాలు ఏ సందునో అమ్ముడు పోయేవి కావా? ఆఖరి పొలాలమీద ఆంక్ష నవంబరు 23 వరకు నడిచింది.

ఇంత సక్రమంగా పాలు ఆపిన ప్రభుత్వమే, ప్రమాదానికి కారణమేమిటో చెప్పే పూర్తి నివేదికను మాత్రం దాచింది. అది 1988 జనవరిలో గాని బయటికి రాలేదు.

దాచటం ఎంతదాకా పోతుందో 1986లో చెర్నోబిల్ చూపింది. ఏప్రిల్ 26 తెల్లవారుజామున కొలిమి పేలితే, పక్కనే వున్న ప్రిప్యాత్ పట్నాన్ని మరునాడు మధ్యాహ్నం గాని ఖాళీ చేయించలేదు. లోకానికి 28న, అదీ స్వీడన్‌లో యంత్రాలు పట్టుకున్న తర్వాత, చెప్పారు. అప్పటికి పల్లెల్లో పిల్లలు యింటి ఆవు పాలు తాగుతూనే వున్నారు. ఆ నేలల్లో మామూలు అయోడిన్ తక్కువ, అందువల్ల పిల్లల గ్రంథులు దొరికినదాన్నల్లా పీల్చుకున్నాయి. ఆదిలాబాదు అడవి గూడేల్లో మెడ కింద గడ్డతో వున్నవారిని మన పెద్దలు చూసే వుంటారు, అదే లోటు. 2005 నాటికి అక్కడ చిన్నతనంలో ఆ గాలి సోకినవారిలో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు లెక్కకు వచ్చాయి. వాటిలో పెద్దభాగానికి ఆ పాలే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం తేల్చింది. చాలామంది చికిత్సతో బ్రతికారు.

పక్కనున్న పోలండు మాత్రం 29వ తేదీనే కదిలింది. ఒక కోటికి పైగా పిల్లలకు అయోడిన్ మందు పోశారు. పచ్చికకు ఆవులను విడవవద్దన్నారు, పిల్లలకు పాలపొడి పంచారు. ఒక్క మాట జాగ్రత్త. ఆ మందు అధికారులు చెప్పిన వేళకే, చెప్పిన కొలతకే పనికి వస్తుంది. ఉప్పు ఎక్కువ తినటంవల్లగాని, గాయాలకు పూసే టింక్చరు తాగటంవల్లగాని మేలు లేదు, కీడు వున్నది.

చెర్నోబిల్ సెగ మన దేశానికీ తాకింది. పాడి పథకం కింద ఐర్లండు నుంచి బొంబాయికి వచ్చిన 200 టన్నుల వెన్నలో ధార్మికత వున్నదని వ్యాజ్యం లేచింది. సుప్రీంకోర్టు నిపుణులచేత పరీక్ష చేయించి, తినవచ్చునని 1988లో తేల్చింది.

సీజియం అనే మరొక పదార్థానికి మాత్రం వారాలు చాలవు, సగం తరగటానికే 30 ఏండ్లు. విండ్‌స్కేల్ వున్న ఆ కంబర్లాండు కొండల్లోనే, చెర్నోబిల్ వానకు తడిసిన గొర్రెలమీద పెట్టిన ఆంక్ష 2012లో గాని పూర్తిగా పోలేదు.

ఇక వరి పండించే మనకు అన్నిటికంటె దగ్గర కథ జపానుది. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా కేంద్రం దెబ్బతిన్నది. పాలు, ఆకుకూరలు వెంటనే ఆపారు. ఆరుబయట వున్న మేత పశువులకు వేయవద్దని మార్చి 19న ప్రభుత్వం పశువుల పెంపకందార్లకు కబురు పంపించింది. కబురు మంచిదే. కాని వరిగడ్డి అమ్మేది పశువులవారు కాదు, వరి రైతులు. వారికి ఎవరూ చెప్పలేదు. కోతల తర్వాత పొలంలోనే వదిలిన గడ్డిని వారు ఎప్పటిలాగే కట్టలు కట్టి అమ్మారు. కేంద్రానికి 100 కిలోమీటర్లకు పైగా దూరాన వున్న మియాగిలోని గడ్డిలో కూడా సీజియం దొరికింది. జూలై వచ్చేసరికి అది తిన్న పశువుల మాంసం తోక్యో దాకా పోయిందని బయటపడింది.

గ్రామసేవకులుగా తిరిగే మిత్రులు యీ సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశంలో అణు కేంద్రం బయటి రక్షణ పనులకు ఆ జిల్లా కలెక్టరే పెద్ద. ఆయన నోటినుంచి వచ్చిన మాట పాల కేంద్రానికి చేరుతుంది సరే, గడ్డివాము యజమానికి ఎవరు చేరుస్తారు? ఇంట్లో వుండండి, తలుపులు వేసుకోండి అన్నప్పుడు బర్రెను కొట్టంలో కట్టేయటం, వాము మీద పట్టా కప్పటం, బావికి మూత వేయటం, లోపల వున్న పాత మేతే వేయటం చెప్పవలసింది ఎవరు?

ఫుకుషిమా రైతులు తర్వాత మడుల్లో పొటాషు ఎరువు వేశారు. పొటాషు చాలినంత వుంటే వరివేరు సీజియంను తక్కువ పీల్చుతుంది. 2012 పంట నుంచి ఆ ప్రాంతపు ధాన్యం 30 కిలోల సంచి ప్రతిదీ యంత్రం మీదుగా దాటింది, యేటా సుమారు ఒక కోటి సంచులు. 2015 పంట మొదలుకొని హద్దు మించిన సంచి ఒక్కటీ దొరకలేదు. 2020 నుంచి చాలా ఊళ్ళల్లో అన్ని సంచులూ కొలవటం మాని, నమూనా తీసి చూస్తున్నారు.