యానాం: చరిత్ర

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట, కాకినాడకు దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణం యానాం. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం పుదుచ్చేరిది. రేవుగా ఇది ఏనాడూ బందరుకు సాటి రాలేదు. ఊరిని నిలబెట్టింది ఓడల కంటే పొలిమేరే.

గోల్కొండ సుల్తాను ఫర్మానాతో ఫ్రెంచి కంపెనీ 1669లో బందరులో అడుగుపెట్టింది. యానాంలో 1723లో వర్తక స్థావరం తెరిచి, 1727లో మూసేసి, 1731లో మళ్లీ తెరిచింది. నేతబట్టలు ముఖ్యమైన సరుకు. వాటి కోసమే ఇంగ్లీషువాళ్లు పక్కనున్న ఇంజరంలో మకాం పెట్టారు. సేనాని బుస్సీ హయాంలో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికొచ్చినా, 1758లో చందుర్తి దగ్గర ఓటమి, మరుసటేడు బందరు కోట పతనంతో ఆ ముచ్చట తీరిపోయింది. ఆ తర్వాత ఐరోపాలో యుద్ధం రాజుకున్నప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు యానాంను పట్టుకోవడం, సంధి కుదిరాక వదలడం. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఊరు ఫ్రాన్సుకే దక్కింది, కోటలు కట్టకూడదన్న షరతు మీద. 1839 నవంబరు ఉప్పెన పక్కనున్న కోరంగి రేవును ఊడ్చేసింది.

చుట్టుపక్కల జనానికి యానాం అంటే మంగళవారం సంత. సీమ సరుకు చవగ్గా దొరికేది. ఇంకో ఆకర్షణ ఉంది, అది గొప్పగా చెప్పుకునేది కాదు. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండందే పెళ్లి చేయరాదన్న శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిషు ఇండియాలో అమలైంది. అది యానాం పొలిమేర దాటలేదు. పసిపిల్లలకు బాసికాలు కట్టి ఇక్కడికి తీసుకొచ్చి మూడుముళ్లు వేయించేవారు. అలా ఊరికి కల్యాణపురమన్న పేరొచ్చింది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన ఉద్యమకారులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఓటేసిన 178 మంది ఫ్రెంచి ప్రాంతాల ప్రతినిధుల్లో 170 మంది భారత్‌లో విలీనానికే మొగ్గారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న. జనాభిప్రాయం తెలుసుకోకుండా ఈ ప్రాంతాల ప్రత్యేక ప్రతిపత్తి మార్చకూడదని భారత్, ఫ్రాన్సుల 1956 ఒప్పందంలో ఉంది. ఎదుర్లంక నుంచి బాలయోగి వారధి దాటి వస్తే, బండ్ల మీద నంబరు ఇప్పటికీ పీవై 04.