హిందీ తెర మీద మనింటి మాట

మన సంఘం సంచికలో సినిమా మీద వ్యాసమేమిటని పెద్దలు కొందరు కనుబొమలు ముడివెయ్యవచ్చు. పుస్తకాల పంపిణీ లెక్కలూ, దాతల పేర్లూ వుండే పుటల మధ్య బొంబాయి బొమ్మల కథ ఇమడదని వారి అభిప్రాయమైతే, అదీ నిజమే. కాని నేను చెప్పదలచింది ఆటపాటల సంగతి కాదు. హిందీ సినిమా ఒకప్పుడు మామూలు మనుషుల్ని, అంటే మనబోటి వాళ్లని, ఎట్లా చూసిందీ, అందులో మన తెలుగునేల పాలు ఎంతుందీ అన్నది చెబుదామని.

ముందుగా మా ఇంటి మాట. గోదావరి జిల్లాల్లో మనం ఇళ్లల్లో మాట్లాడే ఉర్దూ ఎట్లాంటిదో మనకు తెలుసు. లక్నో వాళ్లు వింటే ముక్కున వేలేసుకుంటారు. వద్దు అనడానికి ‘నక్కో’, అవును అనడానికి ‘హౌ’, ఎందుకు అనడానికి ‘కైకు’. మధ్యలో సగం తెలుగు. చిన్నప్పుడు బళ్లో ఒకసారి నేను పొరపాటున ‘నక్కో’ అన్నాను. ఆ రోజు నుంచి అయిదో తరగతి అయిపోయేదాకా నా పేరు ‘నక్క’. మా అమ్మీ బజారులో నాతో ఉర్దూలో మాట్లాడితే నేను తెలుగులో జవాబు చెప్పేవాణ్ణి. ఆవిడ కారణం ఎన్నడూ అడగలేదు. తెలిసే వుంటుంది.

అప్పట్లో హిందీ సినిమా మాకు మా మాటని రెండు రకాలుగా వినిపించేది. ‘చౌద్వీఁ కా చాంద్’ (1960), ‘మేరే మెహబూబ్’ (1963) వంటి చిత్రాల్లో అందరూ నవాబులే. షేర్వానీలు, పరదాలు, నోరు తిరగని ఉర్దూ. చూడ్డానికి బాగానే వుండేది. కాని కుట్టుమిషను తొక్కే మా నాన్నగారికీ ఆ నవాబులకూ చుట్టరికం ఏమిటో నాకు అంతుపట్టేది కాదు. రెండో రకం ‘గుమ్‌నామ్’ (1965)లో మహమూద్ వేసిన వంటవాడి వేషం. అతను మాట్లాడింది అచ్చంగా హైదరాబాదు దఖ్ఖనీ. మార్నింగ్ షోలో హాలు హాలంతా పగలబడి నవ్వింది. మేమూ నవ్వాం. మహమూద్ గొప్ప నటుడే, కాదనను. కాని ఇంటికొచ్చాక అమ్మీ మాట్లాడుతుంటే ఆ నవ్వు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. మన మాట తెర మీదికి వస్తే అది నవ్వించడానికేనా?

కాదని చెప్పిన సినిమాలు తరువాత వచ్చాయి.

వాటికీ పూర్వీకులున్నారు. బెంగాలు కరువు మీద ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1946లో ‘ధర్తీ కే లాల్’ తీశారు. 1953లో బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ వచ్చింది. శంభు అనే రైతు తన లెక్కన బాకీ 65 రూపాయలు. జమీందారు కాగితాల్లో అది 235 అవుతుంది. ఆ డబ్బు కోసం కలకత్తా పోయి రిక్షా లాగుతాడు. ఆ వేషం వేసిన బల్‌రాజ్ సాహ్నీ నిజంగానే కలకత్తా వీధుల్లో రిక్షా లాగడం నేర్చుకున్నారు. అప్పుపత్రం మీద వేలిముద్ర వేసిన రైతు కథ డెల్టాలో ఎవరికి చెప్పినా వేరే వివరణ అక్కరలేదు.

ఇక మన వైపుకి వస్తాను. శ్యామ్ బెనెగల్ 1934లో సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టారు. చదువంతా హైదరాబాదులోనే, అక్కడ ఫిల్మ్ సొసైటీ పెట్టిందీ ఆయనే. 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన మొదటి కథాచిత్రం ‘అంకుర్’ 1974లో విడుదలయింది. కథ తెలంగాణ పల్లెది. కిష్టయ్య మూగవాడు, చెవిటివాడు, కుండలు చేసేవాడు. సత్తు గిన్నెలు వచ్చి అతని కుండలు కొనే దిక్కు లేకుండా పోయింది. భార్య లక్ష్మి దొర ఇంట్లో పనిచేస్తుంది. పట్నం నుంచి వచ్చిన చిన్నదొర సూర్య ఆమెను చేరదీసి, బిడ్డ కడుపున పడ్డాక ముఖం చాటేస్తాడు. చివర్లో కిష్టయ్య పని అడుగుదామని వస్తుంటే, తనను కొట్టడానికే వస్తున్నాడని జడిసి కొరడాతో చావబాదుతాడు. అదంతా చూసిన ఒక పిల్లవాడు దొర కిటికీ మీదికి రాయి విసిరి పరుగెత్తుతాడు.

ఈ కథ గొప్పదే గాని, నన్ను కట్టిపడేసింది అది కాదు. లక్ష్మి మాట. షబానా ఆజ్మీకి అది తొలి చిత్రం, జాతీయ ఉత్తమ నటి బహుమతి కూడా తెచ్చిపెట్టింది. ఆమె మాట్లాడింది పుస్తకాల హిందీ కాదు, దఖ్ఖనీ. అదీ ఒక దళిత స్త్రీ నోట. ఎవరూ నవ్వలేదు. నవ్వే సందర్భం కాదు గదా! మనం మనదనుకొని దాచుకున్న మాట మన ఒక్కళ్లదే కాదనీ, కలిసి బతికిన వాళ్లందరిదీ అనీ నాకప్పుడు బోధపడింది. షబానా పుట్టింది హైదరాబాదులోనే. తల్లి షౌకత్ ఆజ్మీ అక్కడ పెరిగిన మనిషి. 1947లో ఒక ముషాయిరాలో కైఫీ ఆజ్మీని చూసి, ఏరికోరి ఆయన్నే చేసుకున్నారు.

బెనెగల్ దఖ్ఖనీని వదల్లేదు. ‘నిశాంత్’ (1975) తెలంగాణ దొరల ఆగడాల మీద తీశారు. పోచంపల్లి మగ్గాల మీద ‘సుస్మన్’ (1987) తీశారు. ‘అనుగ్రహం’ (1978) ఏకంగా తెలుగులోనూ తీశారు, హిందీలో దాని పేరు ‘కోండురా’. చాలా ఏళ్ల తరువాత ‘వెల్ డన్ అబ్బా’లో, కాగితాల మీద తవ్విన బావి ఎటుపోయిందని పోలీసు స్టేషనుకి వెళ్లే అర్మాన్ అలీని చూపించారు. దానికి ఆధారాల్లో ఒకటి హైదరాబాదు రచయిత్రి జీలానీ బానో ఉర్దూ కథ. సందర్భం వచ్చింది గనుక ఇంకొక్కటి: ఆయన ‘మంథన్’ (1976) సినిమాకి గుజరాత్ పాడిరైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుని పెట్టుబడి పెట్టారు. చందా పుస్తకం పట్టుకుని వీధులు తిరిగిన మన సంఘం కార్యకర్తలకి ఆ రెండు రూపాయల విలువ వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె ఎక్కువగా చెప్పవలసింది ‘గర్మ్ హవా’. ఇస్మత్ చుగ్తాయ్ అచ్చుకాని కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ రాశారు. మైసూరు వారైన ఎం. ఎస్. సత్యూ దర్శకులు. ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన రెండున్నర లక్షలు పెట్టుబడి. దేశ విభజన తరువాత ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడుపుకునే సలీమ్ మీర్జా కథ అది. ఆయన నవాబు కాదు, దొంగ కాదు, దేశభక్తి ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషీ కాదు. ఆర్డర్లు రావాలి, అప్పు పుట్టాలి, కూతురి పెళ్లి చెయ్యాలి. బ్యాంకు అప్పివ్వదు, రేపు పాకిస్తాన్ వెళ్లిపోతే ఎవరు తీరుస్తారని. ఇల్లు అద్దెకు దొరకదు, మతం పేరు వినగానే తలుపు మూసేస్తారు. వున్న హవేలీ వెళ్లిపోయిన అన్నగారి పేర వుంది గనుక అదీ చేజారుతుంది. రెండుసార్లు పెళ్లి ఆశ పెట్టుకుని రెండుసార్లూ మోసపోయిన కూతురు ప్రాణం తీసుకుంటుంది. ఆఖరికి ఆయనా గూటి బండెక్కి స్టేషనుకి బయలుదేరతాడు. దారిలో ఉద్యోగాలు అడుగుతూ పోయే ఊరేగింపు ఎదురవుతుంది. కొడుకు అందులోకి దిగుతాడు. వెనకాలే తండ్రి.

మీర్జా వేషం బల్‌రాజ్ సాహ్నీదే. ఆయన రావల్పిండిలో పుట్టిన మనిషి, విభజనలో సొంత ఊరు పోగొట్టుకున్నవాడు. అక్కడి ఇల్లు పోయినవాడే ఇక్కడి ఇల్లు వదలనన్నవాడి వేషం వేశాడన్నమాట. డబ్బింగు పూర్తి చేసిన మర్నాడే, 1973 ఏప్రిల్ 13న చనిపోయారు. సినిమా చూసుకోలేదు. గొడవలవుతాయన్న భయంతో సెన్సారువారు నెలల తరబడి ఆపితే 1974లో గాని విడుదల కాలేదు. గొడవలూ కాలేదు, పైగా జాతీయ సమైక్యతా చిత్రంగా బహుమతి వచ్చింది. మీర్జా భార్యగా వేసింది మన షౌకత్ ఆజ్మీయే. కొడుకు ఫారూఖ్ షేక్, అతనికదే మొదటి సినిమా.

ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు ఈషన్ ఆర్య. ఇతనికీ మనకీ సంబంధమేమిటంటారా? ఆగ్రా సందుల్ని తీసిన ఆ కెమెరామాన్ మరుసటి ఏడు మన తెలుగు ముంగిళ్లని తీశాడు. మన నరసాపురంలో పుట్టిన బాపుగారి ‘ముత్యాలముగ్గు’ (1975)కి ఛాయాగ్రహణం ఆయనదే, జాతీయ బహుమతి కూడా దానికే వచ్చింది. పాలకొల్లు నుంచి నరసాపురం ఎంత దూరం, సైకిలు మీద పోయివచ్చేంత. ఆ సినిమాకి మనవాళ్లు బళ్లు కట్టుకుని వెళ్లి మళ్లీ మళ్లీ చూశారు. ‘గర్మ్ హవా’ చేతులే ఆ వెలుతురుని పట్టుకున్నాయని ఎంతమందికి తెలుసు?

పాలకొల్లు పేరెత్తితే సినిమావాళ్లకి కొదవ లేదు. అల్లు రామలింగయ్యగారు, దాసరి నారాయణరావుగారు, కోడి రామకృష్ణగారు. దాసరిగారు తన ‘స్వర్గం నరకం’ కథనే 1978లో ‘స్వర్గ్ నరక్’గా హిందీలో తీసి బొంబాయిలోనూ నెగ్గుకొచ్చారు. అయితే ఆయన దారి వేరు, నేను చెప్పే దారి వేరు. అందుకని ఇక్కడితో ఆపుతున్నాను.

ఈషన్ ఆర్యే ఛాయాగ్రహణం చేసిన ‘బాజార్’ (1982) గురించి రాయకుండా దాటిపోదామనుకున్నాను. మనసొప్పలేదు. సాగర్ సర్హదీ దర్శకుడు. గల్ఫ్ నుంచి డబ్బుతో దిగిన వయసు మీరిన మనిషికి హైదరాబాదులో ఒక పేదపిల్లని చూస్తారు. పిల్ల పేరు షబ్నమ్. ఆమె మనసు ఫారూఖ్ షేక్ వేసిన కుర్రాడి మీద వుంది. పాటల్లో మీర్ గజల్, మన మఖ్దూమ్ మొహియుద్దీన్ గజల్ వినిపిస్తాయి, వినడానికి ఎంతో తీయగా. జరిగేది మాత్రం బేరం. పిల్ల విషం తాగుతుంది. ఇందులో దుర్మార్గుడంటూ ప్రత్యేకంగా ఒకడు లేడు. సంబంధం కుదిర్చిన నజ్మా (స్మితా పాటిల్) మంచిదే, తన పెళ్లికి డబ్బు సమకూరుతుందని ఆశపడింది. తల్లిదండ్రులు బీదవాళ్లు. అందరూ తలా ఒక చెయ్యి వేశారు, అంతే.

మన గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కీ దుబాయ్‌కీ పోనిదెవరు? ఆ డబ్బుతో ఇళ్లు లేచాయి, చదువులు సాగాయి, నిజం. ఆ రోజుల్లోనే మా బంధువుల్లో ఒక పిల్లకి అట్లాంటి సంబంధమే వచ్చింది. వయసు తేడా పద్ధెనిమిదేళ్లు. ఇచ్చేశారు. వలీమా నేనూ తిన్నాను, బిర్యానీ బాగుందని కూడా అన్నాను. ఆ పిల్ల చావలేదు గాని, పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా ఎదుటపడేది కాదు. చదువుకున్నవాడివి, ఒక్క మాట అంటావనుకున్నానని చాలా ఏళ్లకి తనే చెప్పింది. ‘బాజార్’ నేను రెండోసారి చూడలేదు.

రాకపోకలు ఒకవైపే జరిగాయనుకోకండి. ప్రేమ్‌చంద్ ఉర్దూలో రాసిన ‘కఫన్’ని మృణాల్ సేన్ 1977లో తెలుగులో ‘ఒక ఊరి కథ’గా తీశారు. తెలంగాణ రైతుల పోరాటం మీద కిషన్ చందర్ రాసిన ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ నుంచే 1980లో గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ వచ్చింది. ఉర్దూవాడు రాసిన తెలుగు రైతు కథని బెంగాలీ తీస్తే తెలుగువాళ్లు నెలల తరబడి చూశారు.

‘గర్మ్ హవా’ని మా వీధిలో కువైట్ నుంచి వచ్చినవారింట వీసీఆర్ మీద చూశాం, క్యాసెట్టు అద్దెకి తెచ్చి. చాపల మీద ఇరవై మంది. బ్యాంకు సీను దగ్గర మా నాన్నగారు తల దించుకుని వేళ్ల మీది సూదిగాట్లు చూసుకుంటూ కూర్చున్నారు. మా నానీకి ఆగ్రా ఉర్దూ సగం అర్థం కాలేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మీర్జా ముసలితల్లి రానని మొండికేసి కట్టెల గదిలో నక్కుతుంది. ఆమెను ఎత్తుకుని బయటికి తెస్తుంటే నానీ ఒక్కసారిగా టీవీ వైపు చెయ్యి చాచి, “ఉస్కు నక్కో నికాలో, వాంచ్ రహన్ దేవ్” అంది. ఆవిణ్ణి బయటికి లాగకండి, అక్కడే వుండనివ్వండి అని. ఆ గదిలో తెలుగువాళ్లూ వున్నారు. నేను చుట్టూ చూశాను. ఒక్కరూ నవ్వలేదు.