గని దగ్గర మొదలయ్యే సమాజశాస్త్రం

తెలుగు నేల మీద జరిగిన తొలినాటి సమాజశాస్త్ర పరిశోధనల్లో పేరున్నది ఒక పల్లె గురించే. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే శామీర్‌పేటను పరిశీలించి 1955లో ‘ఇండియన్ విలేజ్’ ప్రచురించాడు. ఆ పుస్తకం విలువ ఇప్పటికీ తగ్గలేదు. కాని గోదావరిఖని విద్యార్థికి ఈ శాస్త్రాన్ని గని నుంచే పరిచయం చేయాలి. ఇక్కడ గనులు వచ్చాకే పట్నం వచ్చింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, 1945లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతపు గనులు 1960ల నాటివి. శ్రమ విభజన మనుషుల్ని ఒకరికొకరిని ఎలా ముడివేస్తుందో ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త డర్కైమ్ 1893లో రాశాడు. బొగ్గుబాయిలో అది కళ్లకు కడుతుంది: టింబర్‌మ్యాన్ పైకప్పును ఆపే దిమ్మెలు సరిగా నిలబెడితేనే, కింద తట్టా చెమ్మస్ (పార) పట్టి టబ్బు నింపే కోల్ ఫిల్లరు ప్రాణాలతో పైకి వస్తాడు.

గనిలో కులం కనిపించదు కాబట్టి ఇది మన సమాజానికి నమూనా కాదని కొందరంటారు. పనిలో భుజాలు కలిసిన మాట నిజమే, కాని పెళ్లి సంబంధం దగ్గర కులం మళ్లీ ముందుకొస్తుంది. ఒకే మనిషి రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు నడుచుకుంటాడన్నదే ఈ శాస్త్రం అడిగే ప్రశ్న. ఇదంతా అర్థశాస్త్రమేనన్న మాటకు కార్మికుడి ఉద్యోగం కుటుంబసభ్యుడికి దక్కే వారసత్వ ఉద్యోగాలే జవాబు. 2016లో సింగరేణి కంపెనీ ప్రకటించిన పథకంలో కొడుకు, అల్లుడు, తమ్ముడు అర్హులు. అందులో కూతురికి చోటు ఇవ్వలేదు. భూగర్భంలో స్త్రీలు పనిచేయరాదన్న 1952 గనుల చట్టం నిషేధం 2019లో గాని సడలలేదు. కూతురి వాటా ఆమె భర్త పేరున చేరడాన్ని కూలి లెక్కలు వివరించలేవు. 2017లో హైకోర్టు సమాన అవకాశానికి విరుద్ధమని ఆ పథకాన్ని కొట్టేసింది. ప్రాణాలొడ్డి సంపాదించుకున్న హక్కని కార్మిక కుటుంబాలు వాదించాయి. ఆ రెండు న్యాయాలూ ఎక్కడి నుంచి వచ్చాయో విద్యార్థి వెతకాలి.

ఇక ఆలస్యం తగదు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు తగ్గారు. యంత్రాలు ఫిల్లర్ల పని తీసుకున్నాయి, ఓపెన్‌కాస్టులు ఊళ్లను ఖాళీ చేయించాయి. రామగుండం అధ్యాపకులారా, క్వార్టర్ల వరుసలో ఒక్కో ఇంటి మూడు తరాల పని, చదువు, పెళ్లిళ్ల వివరాలు సేకరించడాన్నే మీ విద్యార్థులకు తొలి పాఠం చేయండి. తట్ట మోసినవాళ్లు మాట్లాడగలిగినప్పుడే వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి.