మోహం: ఒక మాట అర్థచరిత్ర

‘పదవీ వ్యామోహం’ అని పత్రికలో కనబడితే తెలుగు పాఠకునికి స్ఫురించేది కోరిక, తికమక కాదు. సంస్కృత ధాతుపాఠం మాత్రం ‘ముహ్’ ధాతువుకు చెప్పిన అర్థం వైచిత్త్యం, అనగా చిత్తం చెదరడం. కోరిక ప్రసక్తి అక్కడ లేదు.

ఈ ధాతువు మొదట యుద్ధరంగంలో వినిపిస్తుంది. అథర్వవేదం మూడవ కాండలోని తొలి రెండు సూక్తాలు శత్రుసేనను కలవరపెట్టడానికి ఉద్దేశించినవి. పరసేనను దిక్కుతోచకుండా చేయమని అగ్నిని వేడుకోవడం మొదటిదానిలోని ప్రార్థన. శత్రువుల మనస్సులను చెదరగొట్టి, అవయవాలను పట్టుకొమ్మని అప్వ అనే శక్తిని పిలవడం రెండవదానిలో ఉంది. ఈ భావనే ఇతిహాసకావ్యాలలో సమ్మోహనాస్త్రమై నిలిచింది. విరాటపర్వంలో అర్జునుడు కౌరవసేనను సమ్మోహితం చేయగా ఉత్తరుడు వారి వస్త్రాలు తీసుకుంటాడు. రఘువంశంలో ప్రియంవదుడనే గంధర్వుని వల్ల అజుడు పొందిన అస్త్రమూ ఇదే. దాని ప్రభావంతో శత్రువులు నిద్రలో మునుగుతారు, ప్రాణాలు పోవు. చంపకుండా గెలవడమే దాని విశేషమని కాళిదాసు భావన.

దార్శనికులు ఈ కలవరాన్ని బయటి శత్రువు నుండి లోపలికి తెచ్చారు. రాగం, ద్వేషం, మోహం అనే మూడింటిని బౌద్ధులు అకుశలానికి మూలాలన్నారు. భవచక్ర చిత్రాల నడిబొడ్డున కోడి, పాము, పంది కనిపిస్తాయి. వాటిలో పంది మోహానికి గుర్తు. న్యాయసూత్రాల నాల్గవ అధ్యాయం కూడా దోషాలను ఈ మూడు రాశులుగానే విభజించి, వాటిలో మోహమే మరీ చెడ్డదని తేల్చింది. తప్పుగా తెలుసుకోనివానికి రాగద్వేషాలు పుట్టవు గదా!

చిక్కు ఇక్కడే ఉంది. నేటి తెలుగువాడు ‘రాగద్వేషమోహాలు’ అని చదివినప్పుడు మొదటిదీ మూడవదీ ఒకటేననుకుంటాడు. రెండు కోరికలు, ఒక పగ అన్నట్లవుతుంది లెక్క. మూడింటిలో మూలమైన అజ్ఞానం జాబితాలోంచి జారిపోతుంది. ‘మోహముద్గరం’ అన్న పేరుకూ ఇదే గతి. ఆ సమ్మెట దెబ్బ కామం మీద మాత్రమే పడుతున్నదని భావించేవారికి, వ్యాకరణం వల్లెవేసేవానిని అందులో ‘మూఢమతీ’ అని ఎందుకు పిలిచారో అందదు. మూఢశబ్దం కూడా ముహ్ ధాతువు నుండి పుట్టినదే. భగవద్గీత మూడవ అధ్యాయం ఆరంభంలో, కలగాపులగమైన మాటలతో నా బుద్ధిని తికమకపెడుతున్నట్లున్నావని అర్జునుడు కృష్ణునితో అంటాడు. అక్కడి క్రియ ‘మోహయసి’. దానిని వలపుతో ముడిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

మరి వలపు ఎక్కడి నుండి వచ్చింది? పాణిని ఎనిమిదవ అధ్యాయంలో ఈ ధాతువుకు ఒక వైకల్పిక విధి చేశాడు. దానివల్ల ఒకే ప్రత్యయం చేరినా మూఢ, ముగ్ధ అని రెండు రూపాలు ఏర్పడ్డాయి. వ్యాకరణం వాటికి అర్థభేదం చెప్పలేదు; లోకమే చెప్పింది. తెలియనితనం వెక్కిరింపుకు గురైనచోట మూఢుడు, ముచ్చట గొలిపినచోట ముగ్ధ! అలంకారికులు ముగ్ధను నాయికాభేదాలలో మొదటిదిగా నిలిపారు. మన్మథుని బాణాలలో సమ్మోహనమొకటి. దేవదానవుల మధ్య అమృతం పంచిన మోహిని అసురులను తన అందంతోనే ఏమార్చింది. ఆ కథలో మైమరపు, మోసం ఒకే రూపంలో ఉన్నాయి. క్రమంగా కారణమైన కలవరం మరుగుపడి ఫలితమైన ఆకర్షణ మిగిలింది.

హిందీలో ‘మోహ్’ మమకారమైంది. మలయాళంలో ‘మోహం’ సాధారణమైన కోరికకు కూడా చెల్లుతుంది. పాళీ ద్వారా థాయి భాషకు చేరిన ‘మోహో’ అక్కడ కోపమనే అర్థంలో స్థిరపడడం మరీ వింత. తెలుగు మాత్రం తికమక, గందరగోళం, తబ్బిబ్బు వంటి మాటలు దండిగా ఉన్నందున మోహాన్ని వలపుకు వదిలిపెట్టింది. అందుచేత బౌద్ధ, న్యాయ గ్రంథాలను తెలుగు చేసేవారు మూలంలోని మోహాన్ని యథాతథంగా ఉంచినచోట ‘భ్రాంతి’ అనో ‘తెలియమి’ అనో పక్కన ఒక మాట చేర్చవలసి ఉంటుంది.