వెస్ట్‌మినిస్టర్ లాటిన్ నాటకం

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ స్కూల్ విద్యార్థులు ప్రాచీన రోమన్ హాస్యనాటకాలను మూల లాటిన్‌లోనే ఆడిన సంప్రదాయం. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1560 నాటి పాఠశాల నియమావళి దీన్ని తప్పనిసరి చేసింది. క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన రోమన్ నాటకకర్త టెరెన్స్ రాసినవి ఆరే నాటకాలు. వాటిలో ‘ఆండ్రియా’, ‘ఫోర్మియో’, ‘అడెల్ఫీ’ ఇక్కడ పదేపదే రంగమెక్కాయి.

టెరెన్స్‌ను ఎంచుకోవడం ఎంతో తెలివైన పని. తండ్రీకొడుకుల వాదులాట, బానిసల ఎత్తుగడలు, ప్రేమికుల ఆందోళన ఆయన కథావస్తువులు. అందుకే చరిత్ర గ్రంథాల్లో అరుదుగా తగిలే ప్రశ్నలు, ఆజ్ఞలు, బతిమాలటాలు, తిట్లు ఇక్కడ అడుగడుగునా వినిపిస్తాయి. మానవతావాద పండితుడు ఎరాస్మస్ కూడా లాటిన్ నేర్చుకునేవారికి టెరెన్స్‌నే ముందుగా సూచించాడు. తర్వాత ఈ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన నికొలస్ యూడల్, ఆ నాటకాల్లోని పలుకుబళ్లను ఏరి ఇంగ్లీషు అర్థాలతో పాఠ్యపుస్తకం కూర్చాడు.

సంభాషణలన్నీ ఛందోబద్ధాలు. తెలుగు పద్యంలో గురులఘువుల్లాగే లాటిన్‌లోనూ అక్షరాల నిడివే లయకు ఆధారం కాబట్టి, పంక్తిని సరిగా పలికితేనే నడక నిలుస్తుంది. ఎదుటి పాత్ర మాట అర్థం కానిదే జవాబులో కోపమో వేడుకోలో పలకదు. వ్యాకరణం వల్లెవేయడంతో మాత్రమే అబ్బని నేర్పు ఇది.

నాటకానికి ముందూ వెనకా కొత్తగా రాసిన లాటిన్ పద్యాలు చదివేవారు. చివరి పద్యంలో సమకాలీన రాజకీయాలపై చురకలు ఉండేవి.