ఆత్రీలాల్ గింజల హిసాబ్

మన ఇళ్ళల్లో బరస్ అనే మాటను ఎవరూ గట్టిగా అనరు. ఆడపిల్ల చేతి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ కనబడితే చాలు, దాదీ గొంతు తగ్గిపోతుంది. రిష్తా వాళ్ళ కంట పడకూడదని పొడుగు చేతుల కమీజులు కుట్టిస్తారు. తెలుగులో బొల్లి అంటారు, డాక్టర్లు విటిలిగో అంటారు. అది ఒకరి నుంచి ఒకరికి అంటదు, ప్రాణం తీయదు. చర్మానికి రంగునిచ్చే కణాలు అక్కడక్కడా నశించిపోవడం వల్ల వస్తుంది. జుజామ్‌కూ, అదే కుష్ఠుకూ, దీనికీ ఏ సంబంధమూ లేదు. అయినా రెండింటినీ ఒకే కళ్ళతో చూసే పాత ఆదత్ మనల్ని వదల్లేదు.

ఈ మర్జ్‌కు దవా వెతికిన తవారీఖ్‌లో మనవాళ్ళ పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు చెప్పుకుని ఫఖర్ పడటం మనకు బాగా వచ్చు. ఆ దవా వల్ల వచ్చిన ఫాయిదా ఎంత, నుక్సాన్ ఎంత అని ఏళ్ళ తరబడి కూర్చుని హిసాబ్ రాసినవాళ్ళ సంగతి మాత్రం మనలో తక్కువమందికి తెలుసు. ఆ రెండో కథ కోసమే ఇది రాస్తున్నాను. కానీ మొదటి కథ చెప్పకపోతే రెండోది అర్థం కాదు.

స్పెయిన్‌లోని మలాగాలో పుట్టి, 1248లో దిమష్క్‌లో కన్నుమూసిన ఇబ్న్ అల్ బైతార్ తన కితాబ్‌లో 1400కు పైగా మందు దినుసుల గురించి రాశాడు. అందులో ఆత్రీలాల్ ఒకటి. మన వాము, ధనియాల జాతికి చెందిన మొక్క. తెల్లపూల గుత్తులతో నైలు నది ప్రాంతంలో కలుపు మొక్కలా పెరుగుతుంది. దాని గింజలు తినిపించి, మచ్చలకు ఎండ తగిలేలా మరీజ్‌ను కూర్చోబెట్టే ఇలాజ్‌ను ఆయన వివరించాడు. అది ఉత్తర ఆఫ్రికా బెర్బర్ల దగ్గర వాడుకలో ఉన్నది.

మన దేశంలో అదే పనికి బావంచాలు వాడారు. ఉర్దూలో బాబ్చీ. మన హకీములకూ వైద్యులకూ ఇది చాలా పాత దినుసు. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే మన శాస్త్రజ్ఞులు ఆ గింజల్లోంచి సొరాలెన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. ఆత్రీలాల్‌లో ఉన్నదీ ఆ కుటుంబపు పదార్థమే. దాని గుణం విచిత్రం. నీడలో ఉంటే దాదాపు ఏ అసరూ చూపదు. ఒంట్లోకి గానీ చర్మం మీదికి గానీ చేరాక ఎండ తగిలితే అప్పుడు లేస్తుంది. పాత హకీములు గింజలతో పాటు ఎండను కూడా ఎందుకు రాసిచ్చారో దీనితో తెలిసింది.

1947లో ఖాహిరాలో ఫహ్మీ, ఆయన సహచరులు ఆత్రీలాల్ గింజల్లోంచి అసలు పదార్థాన్ని స్ఫటికాలుగా తీశారు. దాన్ని ఇప్పుడు మెథాక్సలెన్ అంటున్నారు. అక్కడి చర్మవైద్యుడు అబ్దెల్ మోనిమ్ ఎల్ మోఫ్తీ దాన్ని బరస్ ఉన్నవాళ్ళకు ఇచ్చి చూసి, 1948లో ఫలితాలు రాశాడు. 1953లో అమెరికాలో లెర్నర్, డెంటన్, ఫిట్జ్‌పాట్రిక్ అదే దారి పట్టారు. 1974లో బోస్టన్‌లో పారిష్, ఫిట్జ్‌పాట్రిక్, టానెన్‌బామ్, మన దేశం నుంచి వెళ్ళిన మధు పాఠక్ కలిసి దాన్ని సోరియాసిస్ మీదికి మళ్ళించారు. మెథాక్సలెన్ గోలీ మింగించి, అల్ట్రావయొలెట్ ‘ఎ’ కిరణాల పెట్టెలో నిలబెట్టారు. ఒళ్ళంతా పొలుసులు రాలిన మనుషులకు కొన్ని వారాల్లోనే చర్మం నున్నబడింది. ఈ ఇలాజ్‌కు పూవా అనే పేరు స్థిరపడింది.

అయితే పూవా పనిచేసే తీరులోనే ఖతరా కూడా ఉంది. సొరాలెన్ కణం లోపలి డీఎన్ఏ పోగుల మధ్య దూరి, కాంతి పడగానే ఆ పోగులను ఒకదానికొకటి కుట్టేస్తుంది. సోరియాసిస్‌లో కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి కాబట్టి అలా కుట్టేస్తే వాటి వేగం ఆగుతుంది. కానీ డీఎన్ఏ మీద చేయి వేసిన ఏ మందయినా రేపు క్యాన్సర్ తెచ్చిపెట్టవచ్చు. ఈ సవాల్‌కు జవాబ్ ప్రయోగశాలలో దొరకదు. మందు వాడిన మనుషులను ఏళ్ళ తరబడి చూస్తూ పోవాలి.

అక్కడ అవామ్ పైసా అక్కరకు వచ్చింది. అమెరికా హుకూమత్ తన నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ద్వారా ఖర్చు పెట్టింది. 1975, 76 సంవత్సరాల్లో 16 వైద్య కేంద్రాల్లో పూవా మొదలుపెట్టిన 1,380 మంది పేర్లు రాసుకున్నారు. రాబర్ట్ స్టెర్న్ అనే డాక్టర్ ఆ పని నడిపాడు. వాళ్ళు కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఆ మనుషులను మళ్ళీ మళ్ళీ కలిసి, చర్మం పరీక్షించి, ఎన్నిసార్లు కిరణాల కింద నిలబడ్డారో, ఏ గడ్డ లేచిందో రాసుకుంటూ పోయారు.

1979లో మొదటి హిసాబ్ వచ్చింది. సగటున రెండేళ్ళ కొద్ది కాలంలోనే 30 మందిలో 48 చర్మ క్యాన్సర్లు తేలాయి. మామూలుగా ఆశించేదానికి రెండున్నర రెట్లకు పైనే. ఇవి తొందరగా కోసి తీసేస్తే చాలావరకు నయమయ్యే రకాలు. 1982లో ప్రభుత్వం సోరియాసిస్‌కు ఈ మందును మంజూరు చేసేనాటికే డాక్టర్లకు ఈ ఖతరా సంగతి తెలుసు.

అసలు భయం మెలనోమాది. అది ప్రాణాంతకం. 1975 నుంచి 1990 వరకు ఈ మనుషుల్లో నాలుగు మెలనోమాలు కనిపించాయి. పూవా వాడనివాళ్ళలోనూ దాదాపు అన్నే వస్తాయి. అంటే పదిహేనేళ్ళు చూసినా ఏ తేడా లేదు. ఆ తర్వాత 1991 నుంచి 1996 లోపు ఏడు వచ్చాయి. ఆ కాలానికి రావలసింది సుమారు ఒక్కటి. 250 సార్లు, అంతకంటే ఎక్కువ పూవా తీసుకున్నవాళ్ళలో ఖతరా ఎక్కువని 1997లో ప్రకటించారు.

ఈ అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1990లో ఏ అధికారో “చాలు, ఏమీ తేలలేదు, పైసా ఆపండి” అని ఉంటే? పూవాతో మెలనోమా రాదని వైద్య గ్రంథాల్లో అచ్చయ్యేది. అబద్ధం ఎవరూ చెప్పకపోయినా ఆ అబద్ధం నిలబడేది. లాభం చూసుకునే కంపెనీకి పదిహేనేళ్ళ నాటి మరీజ్‌ను వెతికి పట్టుకోవలసిన గరజ్ ఏముంటుంది? అలాంటి సబర్ అవామ్ పైసాకే సాధ్యం. ఎందుకంటే ఆ మరీజ్ కూడా ఆ అవామ్‌లోని మనిషే.

ఈ కథకు మరో మలుపు ఉంది. 1987లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎడెల్సన్ బృందం అదే మెథాక్సలెన్‌తో చర్మంలో వచ్చే ఒక రకం లింఫోమాకు ఇలాజ్ చూపింది. రక్తం బయటికి తీసి, అందులోని తెల్లకణాల మీద కిరణాలు పడనిచ్చి, తిరిగి ఒంట్లోకి ఎక్కించారు. ఒకరికి క్యాన్సర్ తెచ్చిన మందే ఇంకొకరికి క్యాన్సర్ దవా అయింది. మందు మంచిదా చెడ్డదా అని అడిగితే ఈ కథలో జవాబ్ దొరకదు. ఎవరికి, ఎంత, ఎన్నిసార్లు అని అడగాలి.

ఇవాళ బరస్‌కు చాలాచోట్ల సొరాలెన్ లేకుండానే, 311 నానోమీటర్ల సన్నని పట్టీ కిరణాలతో ఇలాజ్ చేస్తున్నారు. మరో మాట. ఆ 1,380 మందీ సోరియాసిస్ ఉన్నవాళ్ళు, ఎక్కువమంది తెల్లవాళ్ళు. మన చామనఛాయకు కొంత సహజ రక్షణ ఉంది కాబట్టి ఆ అంకెలను యథాతథంగా మన ఒంటికి అంటించుకుని భయపడవద్దు, వాడే ఇలాజ్‌ను డాక్టర్‌ను అడక్కుండా ఆపవద్దు. అలాగని బాబ్చీ నూనె రాసి పిల్లను మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కూర్చోబెట్టే పని కూడా చేయవద్దు. బొబ్బలెక్కి కాలిపోయే ప్రమాదానికి ఏ చామనఛాయా అడ్డు రాదు.

హైదరాబాద్ ఎర్రగడ్డలో చర్మవ్యాధుల జాతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది. బరస్ ఇలాజ్‌కు పేరున్నది. అదీ అవామ్ పైసాతోనే నడుస్తుంది. అక్కడికి వెళ్ళినా, మరే ఆసుపత్రికి వెళ్ళినా నా విన్నపం ఒక్కటే. కేసు కాగితాలు పారేయకండి. మచ్చ మానగానే వెళ్ళడం మానేయకండి, మళ్ళీ రమ్మన్న తేదీకి వెళ్ళండి. ఎన్నిసార్లు కిరణాలు పెట్టారో రాయించుకోండి. అమెరికాలో ఆ సామాన్యులు ఇరవై ఏళ్ళు తిరిగి తిరిగి వచ్చి తమ ఒళ్ళు చూపించారు. స్టెర్న్ రాసిన హిసాబ్ వాళ్ళ వల్లే పూర్తయింది.